ఏడో భాగం

గ్రీమ్స్‌పేట వెనకాల, పంచర్లేసే అంగడి పక్కన రేకుల షెడ్డు.
ఎతిరాజులు సారు అందులో ముక్కులు చేస్తా ఉండినాడు.

మొదటి ముక్కు, వెంట్రుకంత తీగ.
కరెంటుతో వేడెక్కించి దాని మీదికి గాలిని వదిలేవాడు.
"సంగటి ముద్ద నువ్వు ఊదితే ఒక తీరుగా ఆరుతుంది,
ఫ్యాను కింద పెడితే ఇంకో తీరు.
తీగ కూడా అంతే చెంగమ్మా,
ఏ గాలికి ఎంత చల్లారిందో చెప్పేస్తుంది."
చెప్తుంది, కాదన్ను. పేరే చెప్పదు.
ఎవురో వచ్చినారంటుంది,
ఎవురంటే పలకదు.

రెండోది మంట. కంటికి కనపడని మంట.
ఉందో లేదో తెలుసుకోను
స్టీలు గరిటె తెచ్చి పైన పట్టేవాడు.
గరిటెకు చెమట పడితే ఉన్నట్టు,
లేకుంటే మళ్లా అగ్గిపుల్ల.
ఇంట్లో గరిటెలన్నీ షెడ్డుకు చేరితే
కమలవేణమ్మ లోటాతో సాంబారు పోసిందంట, ఆరు నెల్లు.

మూడోది రసానికి.
గాజు గొట్టంలో మామిడి రసం జారతా ఉంటే
ఇటు దీపం, అటు కన్ను.
మధ్యలో ఎంత వెలుగు తగ్గిందో అదీ లెక్క.

నేను జూసు ఫ్యాక్టరీ గేటు కాడ కాయలేరేదాన్ని.
బెంగుళూరా లారీ వచ్చి ఆగితే
టార్పాలిను ఎత్తకముందే చెప్పేదాన్ని:
కార్బైడు పెట్టినారు, వెల్లుల్లి కొడతా ఉండాది అని.
మేస్త్రీ నవ్వినాడు. సారు నవ్వలేదు.
మర్నాడే షెడ్డుకు పిలిపించి
గొట్టం చివర రెండుగా చీల్చినాడు:
సగం గాలి మంటకు,
సగం గాలి, గాజు గరాటులోంచి, నాకు.

పెన్ను కాయితం మీద కొండలు గీస్తా పోయేది.
కొండ లేచినప్పుడల్లా నేను పేరు చెప్పాల.
పులిసిన కల్లు. పచ్చి గడ్డి. చెప్పుల అంగడి జిగురు.
సారు పెన్సిలుతో పక్కనే రాసుకునేవాడు,
ఇంగ్లీషు పేరు తరవాత వెతుక్కుంటాలే అని.

పటం గీసి పెద్దాఫీసుకు పంపినాడు, భాగాలకు నంబర్లేసి.
తిరుగు టపాలో ఒకే ప్రశ్న:
ఏడో భాగం ఏ లోహంతో చేసినారు?
సారు ఒకే మాట రాసినాడు. చెంగమ్మ.
ఆ కాయితం ఇప్పటికీ తిరిగి రాలా.

జూన్‌లో ఒక కొండ లేచింది, ఎప్పుడూ చూడంది.
సన్నగా, చివర్న, అందరూ పోయినంక వచ్చే చుట్టంలా.
గరాటుకు ముక్కు ఆనించినాను.
చెంప మంట పుట్టింది ముందు, తరవాతే పేరు.
"సొన సారూ. తొడిమ సొన.
ఇవి కోసిన కాయలు గావు,
గాలికి రాలినివి ఏరి కలిపినారు."

లారీ ఎవురిదని అడగలా నేను.
అడిగుంటే చెప్పుందునా?
మా తమ్ముడు నాదముని
ఆ పొద్దు తొమ్మిది టన్నులు నీవా ఒడ్డున దింపుకున్నాడు.
ఈగలు వారం దినాలుండినాయి.
వాడు మా గడప తొక్కింది మాత్రం
మళ్లా మామిడి పూతకే.

ఊరికే రాలా. చేతిలో సీసా.
"బోరు నీళ్లక్కా. పిల్లోళ్లకు నోరు పూస్తా ఉండాది.
ఫ్యాక్టరీ గుంత నుంచి ఊరతా ఉండాయంటే
వాసనేమన్నా ఉందా అంటారు ఆఫీసరు.
నీ ముక్కుతో చెప్పు."

మూత తీసినాను. పీల్చినాను.
కళ్లు మూసుకుని ఇంకో తూరి.
నీళ్లు. ఉత్త నీళ్లు.
ఏడో భాగం ఏమీ పలకలా.

సారు లేచి గరిటె పట్టి చూసినాడు, చెమట పట్టింది.
సూదితో ఒక చుక్క ఎక్కించినాడు.
ముగ్గురం నిలబడుకున్నాం.
పంచరు అంగట్లో ట్యూబు నీళ్లలో ముంచిన బుడబుడ
గోడవతల.

పెన్ను కదల్లేదు
చానా సేపు.

అప్పుడు లేచింది.
కాయితం అంచు తగిలినా ఆగకుండా
ఇంకా గీయాలని ఆడనే కొట్టుకుంటా ఉండింది.